జాతరలో వేట (జంతుబలి) ఆపాలా? కసాయి పనంటే మనకెందుకింత చిన్నచూపు?

తెనాలి కుర్రాడు:
మా ఊరి అమ్మవారి జాతరకి ఈసారి వేటలు వద్దు, గుమ్మడికాయ కొడదాం అని కమిటీలో కొందరు పట్టుబట్టారు. మా పెద్దమ్మ మనవడి కోసం మొక్కుకుని ఆరు నెలల్నుంచీ ఒక పొట్టేల్ని మేపుతోంది, ఇప్పుడు మొక్కు తీరకపోతే ఎట్టారా అని ఒకటే ఏడుపు. 1950 చట్టం ప్రకారం గుడి ఆవరణలో బలి నిషేధం అంటున్నారు. మీరేమంటారు?

బెజవాడ బుజ్జి:
నిషేధమే కరెక్ట్. నోరులేని జీవాన్ని నడివీధిలో చిన్నపిల్లలు చూస్తుండగా నరకడం భక్తి ఎట్టా అవుద్ది? తినాలంటే కొట్టుకెళ్ళి కొనుక్కోండి, మధ్యలో దేవత పేరెందుకు?

గుంటూరు కత్తిపీట:
బుజ్జి గారూ, మాది మూడు తరాల మటన్ కొట్టు కాబట్టి చెప్తున్నా, కొట్టుకెళ్ళి కొనుక్కోండి అని ఎంత తేలిగ్గా అన్నారండీ, ఆ కొట్టులోది కూడా తెల్లారుజామున ఎవరో ఒకరు కోసిందే కదా, మీరు నిద్రలేచేసరికి కొక్కేనికి వేలాడుతుంది కాబట్టి మీకు కనపడలేదంతే. చట్టం సంగతి నిజమే, మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు వచ్చిందది, గుడిలోనూ దేవుడి ఊరేగింపులోనూ బలి కూడదంటుంది. తమిళనాడు వాళ్ళు తమ దగ్గర 2004లో దాన్ని రద్దు చేసుకున్నారు. 1960 జంతుహింస నిరోధక చట్టంలో 28వ సెక్షన్ అయితే, ఏ మతమైనా తన పద్ధతిలో చంపితే ఈ చట్టం కింద నేరం కాదంటుంది.

అయినా జాతరలో జరిగేదంతా మంచిదని నేననను. పసుపు నీళ్ళు చల్లి, పొట్టేలు ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకుందంటారు, అక్కడిదాకా బాగానే ఉంటది. తర్వాత పదిహేను జీవాల్ని ఒకే చోట కట్టేసి ఒకదాని ముందే ఇంకోదాన్ని కొడతారు, పైగా తాగొచ్చినోడి చేతికి కత్తిస్తారు, వాడు ఒక్క వేటుకి తెగనీయక మూడుసార్లు కొడతాడు. నా కళ్ళతో చూశా, ఆ రోజు అన్నం సయించలేదు. మా నాన్న అట్టాంటిది చస్తే ఒప్పుకోడు. కత్తి నూరడం జీవానికి కనపడనీయడు, పక్కదాన్ని గోడ అవతల కట్టేస్తాడు. 2001 కబేళా రూల్స్‌లో కూడా ఒక జంతువు చూస్తుండగా ఇంకోదాన్ని కోయకూడదనే ఉంది, మా నాన్నకి ఆ రూల్స్ ఉన్నట్టు కూడా తెలీదు.

వన్‌టౌన్ భాయ్:
అన్నా, మా హలాల్‌లోనూ ఇదే మాట, కత్తి పదునుండాలి, జీవం ముందు నూరకూడదు, అల్లా పేరు చెప్పి గొంతు దగ్గర ఒక్కసారే కోయాలి, రక్తం బాగా కారిపోవాలి. సిక్కుల జట్కా అయితే ఒక్క వేటుకే మెడ తెగాలి. మా తాతని చుట్టుపక్కల ఊళ్ళ హిందువులు కూడా పెళ్ళిళ్ళకి పిలిచి కోయించుకునేవాళ్ళు.

బెజవాడ బుజ్జి:
చూడకుండా తినడం గురించి మీరన్నది నిజమే, నేనూ ఆదివారం క్యూలో నిలబడేవాణ్ణే. కానీ పిల్లల ముందు వద్దన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

గుంటూరు కత్తిపీట:
దానికి నేనూ ఒప్పుకుంటా, చాటు కట్టండి, పనొచ్చినోణ్ణి పిలవండి. నా బాధ వేరే అండీ. ఎవడన్నా దుర్మార్గం చేస్తే కసాయోడు అంటారు, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత కూడాను. నా చెల్లెలికి కుదిరిన సంబంధం నాన్న చేసే పని తెలిశాక తప్పిపోయింది, వచ్చినోళ్ళు మాత్రం మా ఇంట్లో తలకాయ కూర రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నారు.

తెనాలి తమ్ముడూ, గుడి ఆవరణలో వద్దు, మీ పెద్దమ్మ పొలం దగ్గర పెట్టుకోండి. కోసేవాళ్ళు లేకపోతే చెప్పు, నాన్నని తీసుకుని నేనొస్తా.