వాటర్‌లూలో 80 ఫిరంగులు ఎందుకు చాలలేదు?

తుమ్మచెట్టు: నెపోలియన్ స్వయానా ఫిరంగిదళం ఆఫీసరు. 1807లో తూర్పు ప్రష్యాలోని ఫ్రీడ్‌లాండ్ దగ్గర ముప్పై చిల్లర ఫిరంగులతోనే రష్యన్ల నడుం విరిచారు. మరి 1815 జూన్ 18న వాటర్‌లూలో 80 దాకా ఒక్కచోట చేర్చి కాల్చినా బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యం ఎందుకు కదల్లేదు? గురి కుదరలేదా, మందు తడిసిందా?

పాతగన్నర్: తమ్ముడూ, గురికేం కాలేదు, మందూ బాగానే ఉంది. నేలే బాగాలేదు.

నేను గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగై, ఫీల్డ్ గన్ మీద పద్దెనిమిదేళ్లు చేశాను. మాది పేలే షెల్. అదే తడిసిన నల్లరేగడిలో దిగబడితే సగం దెబ్బ బురదే మింగేసేది. ఇక వాళ్లది ఎక్కువగా ఉత్త ఇనప గుండు, పేలదు. 12 పౌండ్ల ఫిరంగిదైతే ఆరు కిలోలుంటుంది. చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తుంది చూడు, గట్టినేల మీద అదీ అలాగే లేచిపడుతూ వరసలు వరసలుగా మనుషుల్ని కొట్టుకుంటూ పోతుంది. ముందురోజు రాత్రంతా వాన. నేల కాస్త ఆరనిద్దామనే పదకొండున్నర దాకా ఆగారు. అయినా చాలా గుండ్లు పడ్డచోటే కూరుకుపోయాయి.

పైగా ఆ ఫిరంగి గొట్టం ఒక్కటే దాదాపు 9 క్వింటాళ్లు. కాల్చిన ప్రతిసారీ బండితో సహా వెనక్కి దొర్లుతుంది. మళ్లీ చేతులతో ముందుకు నెట్టాలి, అదీ బురదలో! ఆ పని చేసినవాడికే తెలుస్తుంది నడుం నొప్పి.

రెండోది, వెల్లింగ్టన్ తన మనుషుల్లో ఎక్కువమందిని గట్టుకు అవతలి వాలులో ఉంచాడు. కనపడని మనిషిని ఈ గుండు ఏం చేస్తుంది?

ఫ్రీడ్‌లాండ్‌లో ఇదంతా తలకిందులు. రష్యన్లు వెనక ఆలె నది, ముందు శత్రువు, మధ్యలో కిక్కిరిసి ఉన్నారు. ఫ్రెంచి ఫిరంగిదళం జనరల్ సెనార్మాన్ తన ఫిరంగుల్ని కాల్పించి, ముందుకు జరిపించి, మళ్లీ కాల్పించి, 150 గజాల లోపలికి తెచ్చేశాడు. తుపాకీ గురి వంద గజాలు దాటితే నమ్మకం లేని రోజులవి, అంటే ఫిరంగుల్ని దాదాపు తుపాకీ దూరానికే తెచ్చేశాడన్నమాట. అంత దగ్గర్నుంచి వాడింది రేకు డబ్బాల్లో కూరిన చిన్న ఇనప గుండ్లు. డబ్బా పగిలి చిల్లరంతా ఒక్కసారి చిమ్ముతుంది.

నీలిసిరా: గన్నర్ గారూ, హోవిట్జర్ (గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి) గుండ్లు పేలేవి కదా? అవి గట్టు దాటి పడవా?

పాతగన్నర్: పేలేవమ్మా, గట్టు దాటి పడేవి కూడా. కానీ ఆ దళాల్లో హోవిట్జర్లు కొద్దే. అవీ మెత్తటి మట్టిలో కూరుకుని పేలితే పెంకులకంటే బురదే ఎక్కువ లేస్తుంది.

తుమ్మచెట్టు: సరే అంకుల్, సాయంత్రం ఫ్రెంచి మార్షల్ నెయ్ గుర్రపుదళం ఇంగ్లీషు ఫిరంగుల మధ్యకే వెళ్లింది కదా. అప్పుడైనా వాటిని పాడుచేయొచ్చుగా?

పాతగన్నర్: నాకు ఇప్పటికీ మండేది అక్కడే. గుర్రాలు రాగానే గన్నర్లు ఫిరంగులొదిలి పక్కనే పదాతిదళం నాలుగువైపులా బాయొనెట్లు చాచి చదరంగా నిలబడ్డ గుంపుల్లో దూరేవాళ్లు. గుర్రాలు వెనుతిరగ్గానే వచ్చి మళ్లీ కాల్చేవాళ్లు. ఇలా ఎన్నోసార్లు! నిప్పు పెట్టే రంధ్రంలో ఒక్క మేకు దిగ్గొడితే ఆ పూటకి ఆ ఫిరంగి పని అయిపోయినట్టే. అంత దళంలో ఆ పని ఎవరూ పట్టించుకోలేదు. మా నంబర్ వన్ (ఫిరంగి జట్టు నాయకుడు) అక్కడుంటే, గుర్రం దిగకముందే మేకులేవిరా అని అరిచేవాడు.