ఎడమకి తిప్పితే ఫ్యూజు పోతోంది: పాత ఔట్‌బోర్డు ఇంజన్లో షార్టు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

ఇంజను 1980ల నాటిది, పడవ వెనక బిగించే ఔట్‌బోర్డు. 40 హెచ్‌పీ, రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, సెల్ఫ్ స్టార్టర్, సీడీఐ ఇగ్నిషన్ (స్పార్కు పుట్టించే ఎలక్ట్రానిక్ వ్యవస్థ), రిమోట్ కంట్రోల్ బాక్సు. స్టార్టర్ సోలనాయిడ్ (స్టార్టర్ మోటారుకి కరెంటు కలిపే రిలే) పక్కన ఒకటే ఫ్యూజు ఉంది, 20 ఆంపియర్లది.

తాళం ఆన్ చేస్తే ఫ్యూజు పోదు, స్టార్ట్ చేసినా పోదు. నేరుగా వెళ్తున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. స్టీరింగు ఎడమకి చివరిదాకా తిప్పినప్పుడు ఒక్కోసారి ఫ్యూజు పోతుంది. మీటర్ల ముళ్లు పడిపోతాయి గానీ ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఇంకోసారి అదే మలుపులో ఇంజను అర సెకను ఆగినట్టయి మళ్లీ అందుకుంటుంది. అప్పుడు ఫ్యూజు పోదు.

బ్యాటరీ, తాళం స్విచ్చి కొత్తవి వేశాం. 30 ఆంపియర్ల ఫ్యూజు వేసి చూస్తే అది నిలిచింది కానీ ఇంజను ముందువైపు వైర్ల కట్ట చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఫ్యూజు తర్వాతి ఎర్ర వైరుకీ ఇంజను బాడీకీ మధ్య మల్టీమీటర్ పెడితే ఓఎల్ (కరెంటు పారే దారి లేదు) అని చూపిస్తోంది, అంటే షార్టు లేనట్టే. రెక్టిఫయర్ (ఇంజను పుట్టించే ఏసీ కరెంటుని బ్యాటరీ కోసం డీసీగా మార్చేది) మార్చమని కొందరు, మొత్తం వైరింగే మార్చమని కొందరు అంటున్నారు. ఏది ముందు చెయ్యాలి?

జవాబు 1

ఇంకేమీ కొనకండి. మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది.

మీ ఇంజన్లోని సీడీఐకి బ్యాటరీతో పనిలేదు. ఫ్లైవీలు కింద ఉన్న చార్జ్ కాయిల్ దానికి కావలసిన కరెంటు ఇస్తుంది. ఫ్యూజు పోయినా ఇంజను నడవడానికి కారణం అదే. కాబట్టి మలుపులో ఇంజను తడబడటానికీ ఫ్యూజుకీ సంబంధం లేదు. ఇంజన్ని ఆపే స్టాప్ వైరు ఒకటి వేరే ఉంటుంది. తాళం ఆఫ్ చేస్తే స్విచ్చి ఆ వైరుని బాడీకి కలుపుతుంది, స్పార్కు ఆగిపోతుంది. మలుపులో ఆ వైరు తనంతట తనే బాడీకి తగిలి వదులుతోంది. ఫ్యూజు పోయినప్పుడు తగులుతున్నది ఎర్ర వైరు. రెండు వైర్లూ ఒకే మలుపులో దొరికిపోతున్నాయంటే రెండింటి తొడుగూ ఒకే చోట అరిగింది.

ఆ రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలిన రోజున 12 ఓల్టులు స్టాప్ వైరు గుండా నేరుగా పవర్ ప్యాక్‌లోకి, అంటే సీడీఐ పెట్టెలోకి వెళ్తాయి. ప్యాక్ పోవడానికి అది చాలు. అందుకే అరిగిన చోటు దొరికేదాకా ఇంజను నడపొద్దు. 30 ఆంపియర్ల ఫ్యూజు ఇప్పుడే తీసేయండి. ఫ్యూజు కాపాడేది వైరుని. పెద్ద ఫ్యూజు వేస్తే వైరే ఫ్యూజులా కాలుతుంది, అదీ పెట్రోలు ఆవిరి ఉండే మూత కింద.

మీటర్ ఓఎల్ చూపించినంత మాత్రాన షార్టు లేదనుకోకండి. ఇంజను నేరుగా ఉన్నప్పుడు వైరు అంచుకి తగలడం లేదు, మీటర్ చెప్పింది అంతే. కదిలించినప్పుడు చూడాలి, కాస్త కరెంటు పారించి చూడాలి. అందుకు మీటర్ కన్నా 12 ఓల్టుల, 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు మేలు. నేరుగా షార్టయినా అది సుమారు 1.75 ఆంపియర్లకి మించి పోనివ్వదు. వైరు కాలదు, ఫ్యూజులు వృథా కావు.

ముందు పెట్రోలు గొట్టం విడదీసి, మూత తీసి, ఆవిరి పోయేలా పది నిమిషాలు గాలి ఆడనివ్వండి. బ్యాటరీ నెగటివ్ తీయండి. స్పార్క్ ప్లగ్గుల టోపీలు పీకి వాటి కొనలు బాడీకి తగిలించి ఉంచండి. స్టాప్ వైరుని పవర్ ప్యాక్ దగ్గర విడదీసి దాని కొన దేనికీ తగలకుండా చుట్టండి. ఈ పని మరిచిపోతే వెతుకులాటలోనే ప్యాక్ పోవచ్చు.

ఫ్యూజు తీసి, హోల్డరు రెండు కొనల మధ్య బల్బు కట్టి నెగటివ్ మళ్లీ బిగించండి. తాళం ఆఫ్‌లో బల్బు వెలగకూడదు. ఇప్పుడు ఒకరు స్టీరింగుని ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా తిప్పాలి, ఇంకొకరు బల్బునే చూడాలి. తర్వాత టిల్ట్, అంటే ఇంజన్ని పైకీ కిందకీ వంచడం. ఆ తర్వాత వైర్ల కట్టని చేత్తో పట్టుకుని అంగుళం అంగుళం వంచుతూ, నొక్కుతూ రండి. ఎక్కడ నొక్కితే బల్బు వెలుగుతుందో లోపం అక్కడే.

వెలిగాక ఇంజను దగ్గరి పెద్ద ప్లగ్గు పీకండి. బల్బు ఆరితే లోపం కంట్రోల్ బాక్సుకి వెళ్లే కేబుల్‌లోనో స్విచ్చిలోనో ఉంది. ఆరకపోతే ఇంజను మీదే ఉంది. ఒక్క ప్లగ్గుతో వెతకాల్సింది సగానికి తగ్గిపోతుంది. తాళం ఆన్‌లోనూ ఒకసారి చూడండి. మీటర్ల వల్ల బల్బు మసకగా వెలిగితే అది మామూలే. చోక్ మాత్రం నొక్కొద్దు, దాని కాయిల్ కొన్ని ఓమ్‌లే కనుక బల్బు బాగా వెలిగి తప్పుదారి పట్టిస్తుంది.

రంగుల మాట: ఆ కాలపు జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజన్లలో తాళానికి వెళ్లే సరఫరా ఎరుపు-ఊదా, తాళం ఆన్ చేశాక వచ్చేది ఊదా, స్టార్టుది పసుపు-ఎరుపు, స్టాప్‌ది నలుపు-పసుపు. యమహాల్లో స్టాప్ వైరు తెలుపు. పాత ఇంజన్లో మధ్యలో ఎవరైనా ఏ వైరైనా వేసి ఉండొచ్చు, రంగు చూసి నమ్మకుండా రెండు కొనలకీ మీటర్ పెట్టి ఖాయం చేసుకోండి.

జవాబు 2

పైన చెప్పింది పూర్తిగా సరైనదే. రెక్టిఫయర్ గురించి మాత్రం ఒక మాట. ఈ ఫ్యూజు గోలకి అది మూలం కాదు, అదే అయితే ఎడమ మలుపు కోసం ఆగదు. కానీ ఈ గోలలో అది దెబ్బతిని ఉండొచ్చు.

దాని అవుట్‌పుట్ ఎర్ర వైరు ఫ్యూజుకి ముందు కలుస్తోందా, తర్వాతా అన్నది వైరు వెంబడి వెళ్లి చూడండి. తర్వాత కలుస్తుంటే, ఇంజను వేగంగా తిరుగుతుండగా ఫ్యూజు పోయిన ప్రతిసారీ రెక్టిఫయర్‌కి బ్యాటరీతో సంబంధం తెగిపోతుంది. ఓల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్ లేని పాత స్టేటర్‌లో (ఫ్లైవీలు కింద, బ్యాటరీని చార్జ్ చేసే కాయిల్స్) అప్పుడు ఓల్టేజి ఒక్కసారిగా పైకి లేస్తుంది. డయోడ్లు పోయేది అప్పుడే. బ్యాటరీ తిరగేసి కలిపినా ఇంతే.

పరీక్షకి రెక్టిఫయర్ వైర్లన్నీ విప్పి, మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టండి. స్టేటర్ నుంచి వచ్చే రెండు పసుపు వైర్ల టెర్మినల్స్‌లో ఒక్కోదాని నుంచి ఎరుపుకీ, ఒక్కోదాని నుంచి బాడీకీ, మొత్తం నాలుగు డయోడ్లు. ప్రతిదీ ఒకవైపు 0.4 నుంచి 0.7 మధ్య చూపాలి, కొనలు మారిస్తే ఓఎల్ రావాలి. రెండువైపులా సున్నాకి దగ్గరగా వస్తే ఆ డయోడ్ షార్టు, రెండువైపులా ఓఎల్ వస్తే తెగిపోయినట్టు.

ఒక్క డయోడ్ షార్టయితే ఫ్యూజు పోదు. మిగిలిన డయోడ్లు బ్యాటరీ కరెంటుని అడ్డుకుంటూనే ఉంటాయి. కానీ ఇంజను తిరుగుతున్నప్పుడు స్టేటర్ కాయిలు ఆ డయోడ్ గుండా తనలో తనే షార్టయి వేడెక్కుతుంది, చార్జింగు పడిపోతుంది. ఒకే పసుపు వైరుకి కలిసిన పై డయోడూ కింది డయోడూ రెండూ షార్టయితే ఎరుపు నేరుగా బాడీకి తగిలినట్టవుతుంది. ఎరుపు వైపు డయోడ్ ఒకటి పోయి, దానికి తోడు స్టేటర్ కాయిల్ కూడా బాడీ అయి ఉంటే మళ్లీ అదే ఫలితం. అందుకే స్టేటర్‌ని కూడా విడిగా చూడాలి: రెండు పసుపు వైర్ల మధ్య సాధారణంగా 1 ఓమ్ లోపే ఉంటుంది, ఒక్కోదానికీ బాడీకీ మధ్య ఓఎల్ రావాలి. మీ మోడల్ మాన్యువల్లో ఉన్న అంకెతో పోల్చుకోండి. 1 ఓమ్ లోపు కొలిచేటప్పుడు ముందు మీటర్ కొనలు రెండూ తాకించి, వచ్చిన అంకెని తీసేయడం మరవొద్దు.

ఫ్లైవీలు కింద అంచు చుట్టూ టార్చిలైటు వేసి చూడండి. స్టేటర్ మీది నల్లటి పూత కరిగి చుక్కలుగా కిందికి కారి గట్టిపడి ఉంటే అది బాగా కాగిందని అర్థం. అలాగే యాక్సిలరేటర్‌తో పాటు అటూ ఇటూ తిరిగే, స్పార్కు సమయాన్ని నిర్ణయించే టైమర్ బేస్ నుంచి వచ్చే సన్న వైర్లు ఫ్లైవీలుకి ఒరుసుకోవడం లేదని చూడండి. ఒకే ఒక్క వేగం దగ్గర మిస్ కొట్టే ఇంజన్లలో లోపం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

అడిగినవారు

బల్బుతో చూసిన ఫలితాలు:

తాళం ఆఫ్, స్టీరింగు నేరుగా: వెలగలేదు. కుడికి తిప్పితే: లేదు. ఎడమకి చివరిదాకా: మినుకు మినుకుమంది. ఆ స్థితిలో కింది కవచంలోకి కేబుల్ దూరే చోట నొక్కితే నిండుగా వెలిగింది. పెద్ద ప్లగ్గు పీకితే ఆరిపోయింది.

అక్కడి రబ్బరు గ్రోమెట్ (కేబుల్ దూరే రంధ్రానికి వేసే రింగు) గట్టిపడి సగం ఊడిపోయింది. కేబుల్ పై తొడుగు సుమారు 4 సెంటీమీటర్ల పొడవున చీలి ఉంది. లోపల ఎర్ర వైరు రాగి కనిపిస్తోంది, మెరుపు లేదు, నల్లగా ఉంది. దాని పక్కనే నలుపు-పసుపు వైరుకి గోటితో గీరినట్టు గాటు, లోపల చిలుం. కవచం అల్యూమినియం అంచు మీద ఆవగింజంత నల్లటి గుంట, చుట్టూ తెల్లటి పొడి.

రెక్టిఫయర్: మూడు డయోడ్లు ఒకవైపు 0.52 దగ్గర, తిప్పితే ఓఎల్. నాలుగోది రెండువైపులా 0.00. దాని ఎర్ర వైరు ఫ్యూజు తర్వాతే కలుస్తోంది. స్టేటర్: పసుపు వైర్ల మధ్య 0.6 ఓమ్, బాడీకి ఓఎల్.

వైరు అతికిస్తే సరిపోతుందా, కేబుల్ మొత్తం మార్చాలా?

జవాబు 1

ఆ గుంట ఎర్ర వైరు అంచుకి తగిలి నిప్పురవ్వ లేచిన చోటు. 30 ఆంపియర్ల ఫ్యూజు నిలిచినప్పుడు వేడెక్కింది కూడా అక్కడే.

మార్చాలా వద్దా అన్నది రాగి చెప్తుంది. గాటు నుంచి రెండువైపులా రెండేసి సెంటీమీటర్లు తొడుగు తీస్తూ వెళ్లండి. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించాలి. 15 సెంటీమీటర్లు పోయినా నల్లగానే ఉంటే ఉప్పునీరు తొడుగు లోపల పోగుల వెంబడి పాకినట్టు, అప్పుడు కేబుల్ మార్చడమే మంచిది. తొడుగుని వేలి చుట్టూ వంచితే పెళుసుగా పగిలినా అంతే. లేకపోతే ఆ రెండు వైర్లకీ కొత్త ముక్క అతికిస్తే చాలు. కానీ పై తొడుగు మొత్తం చీల్చి మిగతా వైర్లన్నీ ఒక్కొక్కటిగా చూడకుండా మూయొద్దు.

వైరు: కళాయి పూసిన సన్న పోగుల రాగి వైరు, సరఫరాకి 2 చదరపు మిల్లీమీటర్లకి తక్కువ కాకుండా. ఇంటి వైరింగులో వాడే ఒంటి పోగు వైరు వద్దు, ఇంజను అదురుకి విరుగుతుంది. అతుకు: రాట్చెట్ క్రింపర్‌తో బిగించిన బట్ కనెక్టరు, దాని మీద లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం. వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు కాస్త బయటికి పొంగాలి, అప్పుడే నీరు వెళ్లదు. ఒట్టి టంకం మీద ఆధారపడకండి. టంకం పోగుల్లోకి పాకి ఆగిన చోట వైరు బిరుసెక్కి, వంపులో అక్కడే తెగుతుంది. నల్ల టేపు నూనె తగిలి జారిపోతుంది, దాన్ని ఇన్సులేషన్ కింద లెక్కపెట్టకండి.

రెండు అతుకులూ పక్కపక్కన రానివ్వొద్దు, కనీసం 3 సెంటీమీటర్ల తేడా ఉండాలి. గ్రోమెట్ ఉన్న చోట అసలే రాకూడదు. అంచుని సన్న ఆకురాయితో గుండ్రంగా రుద్ది కొత్త గ్రోమెట్ వేయండి. లోపలివైపు రబ్బరు పొదిగిన క్లాంపుతో కేబుల్‌ని పట్టి ఉంచండి, కదలిక గ్రోమెట్ మీద పడకూడదు. బయటివైపు మాత్రం ఎడమ చివరా, కుడి చివరా, పూర్తి టిల్ట్‌లోనూ బిగుసుకోనంత వదులు ఉంచాలి. ఆ వదులు లేకపోతే ఈ లోపం మళ్లీ వస్తుంది.

పెద్ద ప్లగ్గు ఎలాగూ విప్పారు కాబట్టి పిన్నుల మధ్య చిలుం ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి. రబ్బరు అంచుకి డైఎలెక్ట్రిక్ గ్రీజు పల్చగా రాస్తే నీరు చేరదు.

జవాబు 2

రెక్టిఫయర్ మార్చాల్సిందే, కానీ వైరు బాగుచేశాకే. ముందు మారిస్తే కొత్తదీ అదే మలుపులో పోతుంది. అది దొరికేలోగా ఇంజను నడపాల్సి వస్తే రెండు పసుపు వైర్లనీ రెక్టిఫయర్ నుంచి తీసి, ఒక్కోదాన్నీ విడిగా ఇన్సులేట్ చేసి ఉంచండి. చార్జింగు ఉండదు, ఆర్‌పీఎం మీటర్ కూడా పనిచేయకపోవచ్చు, కానీ స్టేటర్ మిగులుతుంది. 0.6 ఓమ్ వచ్చి బాడీకి ఓఎల్ వచ్చిందంటే ఇంకా బాగున్నట్టే.

అంతా అయ్యాక స్టాప్ వైరుని విడిగా పరీక్షించాలి. ప్యాక్ దగ్గర ఇంకా విడదీసే ఉంచి, తాళం ఆన్ పెట్టి, లాన్యార్డు (నడిపేవారు పడిపోతే ఇంజను ఆపే తాడు) క్లిప్పు తగిలించి, మీటర్‌ని అన్నిటికన్నా పెద్ద ఓమ్ రేంజిలో ఆ వైరుకీ బాడీకీ మధ్య పెట్టండి. స్టీరింగు తిప్పుతున్నంతసేపూ ఓఎల్ కదలకూడదు. ఎక్కడైనా వేల ఓమ్‌లలో అంకె కనిపించినా ఒప్పుకోకండి. ఇంజను నడిచేటప్పుడు ఆ వైరు మీద వంద ఓల్టులకి పైనే ఉంటుంది కాబట్టి చిన్న తడి లీకు కూడా మిస్ కొట్టిస్తుంది. అతుకుల మీద నీళ్లు చిలకరించి మళ్లీ చూడండి. తాళం ఆఫ్ చేస్తే సున్నాకి దగ్గరగా రావాలి.

తర్వాత బల్బుతో ఇంకోసారి, స్టీరింగు రెండువైపులా, టిల్ట్ పైకీ కిందకీ. వెలగకపోతే బల్బు తీసి 20 ఆంపియర్ల ఫ్యూజే వేయండి. స్టాప్ వైరు ప్యాక్‌కి కలిపి, ప్లగ్గు టోపీలూ పెట్రోలు గొట్టమూ పెట్టి, ఇంజనుకి నీళ్లు అందించి స్టార్ట్ చేయండి. మొదటి నిమిషంలోనే తాళంతో ఒకసారి, లాన్యార్డు లాగి ఒకసారి ఆపి చూడండి. ఆగకపోతే స్టాప్ వైరు అతుకు తెగి ఉన్నట్టు. అప్పుడు చోక్ మూసి ఇంజను ఆపి, ఆ అతుకు మళ్లీ వేయండి.