రాజీ, రాజీనామా, పదవీత్యాగం: 2014 ఫిబ్రవరి 19కి ఏ మాట తగును?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయం గోడకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రుల పట్టిక ఒకటి తయారు చేస్తున్నాను. ఎవరి పదవి ఎలా ముగిసిందో పేరు పక్కన ఒక్క మాటలో రాయాలనుకున్నాము. నల్లారి కిరణ్ కుమార్ రెడ్డి గారి పేరు దగ్గర నేను ‘రాజీనామా’ అని రాస్తే, కమిటీలోని పెద్దాయన ఒకరు దాన్ని కొట్టివేసి ‘పదవీత్యాగం’ అని దిద్దారు. రెండూ ఒకటేనా? పైగా ‘రాజీ’ అంటే సర్దుబాటు కదా, సర్దుకోలేక వెళ్ళిపోవడానికి ‘రాజీనామా’ అన్న పేరు ఎలా వచ్చింది? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం

అమ్మా, మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. అది తేలితే మొదటిది తేలికవుతుంది.

‘రాజీ’ అరబీ నుంచి వచ్చిన మాట. సమ్మతించిన, తృప్తి చెందిన అని దాని అర్థం. ‘నామా’ పారసీ మాట. వీలునామా, పంచనామా అన్నప్పుడు మనం పలికే నామా ఇదే, అంటే రాత, పత్రం. రెండూ కలిస్తే సమ్మతి పత్రం అయింది. ఉర్దూలోనూ హిందీలోనూ నేటికీ రాజీనామా అంటే వాది ప్రతివాదులు కుదుర్చుకుని కోర్టులో దాఖలు చేసే ఒప్పందమే. పదవి వదులుకోవడానికి వారు ‘ఇస్తీఫా’ అంటారు. తెలుగులో, కన్నడంలో, మరాఠీలో మాత్రం రాజీనామా పదవి వదలడానికి పేరుగా స్థిరపడింది. మన కోర్టుల్లో ‘రాజీ’ పాత అర్థంతోనే బతికి ఉంది. లోక్ అదాలత్ జరిగే ప్రతిచోటా ‘రాజీ మార్గమే రాజమార్గం’ అని బ్యానరు కడతారు.

నేను హైదరాబాదు కోర్టుల్లో ఉర్దూ దస్తావేజులను తెలుగులోకి మార్చే పనిలో ముప్పై ఏళ్ళు గడిపాను. 2014 ఫిబ్రవరి 19న నాంపల్లిలో ఒక చాయ్ హోటల్లో కూర్చుని ఉండగా టీవీలో ‘ముఖ్యమంత్రి రాజీనామా’ అని పెద్ద అక్షరాలు పరుగెత్తాయి. పక్కన పాతబస్తీ నుంచి వాయిదాకు వచ్చిన ఒక ముసలాయన ఉన్నారు. తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. సాసర్లో పోసుకున్న చాయ్ చల్లారేదాకా ఆగి, ‘ఎవరితో రాజీ అయ్యారండీ?’ అని నన్ను నిజంగానే అడిగారు. ఇస్తీఫా ఇచ్చారని చెప్పాను. ఆయన తల ఊపారు గాని, ఆ మాటకు ఆ అర్థం ఎలా వచ్చిందన్న సందేహం ఆయన ముఖంలో నాకు కనబడింది. మీ ప్రశ్న చదవగానే నాకు ఆయనే గుర్తుకు వచ్చారు.

సమ్మతి పత్రం పదవి వదిలే పత్రంగా ఎలా మారిందో అర్థం కావాలంటే రెవెన్యూ కాగితాల దగ్గరికి వెళ్ళాలి. రైత్వారీ పద్ధతిలో, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతిలో, రైతు తన పేర ఉన్న భూమిని వదులుకోదలిస్తే, ‘నా సమ్మతితోనే దీన్ని విడిచిపెడుతున్నాను, ఇకమీదట దీని శిస్తుకు నాకు సంబంధం లేదు’ అన్న భావంతో సర్కారుకు రాసి ఇచ్చే కాగితానికి రాజీనామా అని పేరు. ఆ భూమిని కొత్తగా తీసుకునే రైతు రాసి ఇచ్చేది కబులాయతు. బొంబాయి ప్రాంతపు భూమి రికార్డుల్లో ఈ రెండు మాటలూ జంటగా కనిపిస్తాయి. భూమి వదలడం నుంచి కొలువు వదలడానికి, అక్కడి నుంచి మంత్రి పదవి వదలడానికి ఈ మాట పాకిందని నా అభిప్రాయం. సమ్మతి అన్న అర్థం ఎక్కడికీ పోలేదు, ఎవరూ గెంటకుండా నా అంతట నేను వెళుతున్నాను అన్న భావంగా లోపల నిలిచే ఉంది. అందుకే మెడపట్టి దింపినప్పుడు తెలుగువాడు రాజీనామా అనడు, ‘ఉద్వాసన’ అంటాడు. పూజ ముగిశాక దేవుడికి చెప్పే ఉద్వాసన అది.

ఆ రైతు కాగితంలో నాకు ముఖ్యంగా తోచేది గడువు. 1879 నాటి బొంబాయి భూమి శిస్తు చట్టం ప్రకారం రైతు భూమి వదలాలనుకుంటే మార్చి 31లోగానో, సర్కారు నిర్ణయించిన మరో తేదీలోగానో తెలియజేయాలి. ఆ తేదీ దాటాక ఇచ్చిన కాగితం అతన్ని ఆ ఏటి శిస్తు నుంచి తప్పించదు. కోత కోసి కుప్ప నూర్చుకున్నాక ‘ఈ పొలం నాది కాదు’ అంటే ఏ కరణమూ ఒప్పుకోడు. ఈ మాట పుట్టుకలోనే సమయం అన్న కొలత ఉంది, 2014 ఫిబ్రవరి నాటి సంఘటనను కూడా దానితోనే కొలవాలని నా అభిప్రాయం.

తేదీలు చూడండి. కాంగ్రెస్ కార్యవర్గం తెలంగాణ ఏర్పాటుకు తీర్మానం చేసింది 2013 జులై 30న. కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది అక్టోబరు 3న. విభజన బిల్లును శాసనసభ మూజువాణి ఓటుతో తిరస్కరించింది 2014 జనవరి 30న. లోక్‌సభ ఆమోదించింది ఫిబ్రవరి 18న. ముఖ్యమంత్రి రాజీనామా చేసింది ఆ మరునాడు. నిర్ణయం వెలువడిన నాటి నుంచి ఆయన ఆరు నెలల ఇరవై రోజులు అదే పార్టీ ముఖ్యమంత్రిగా అదే కుర్చీలో ఉండి ఆ నిర్ణయాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. సీమాంధ్ర ఉద్యోగులు జీతాలు వదులుకుని 66 రోజులు సమ్మె చేసింది ఈ కాలంలోనే. వారు పోగొట్టుకున్నది ముఖ్యమంత్రి పోగొట్టుకోలేదు. ఆయన వదిలే నాటికి శాసనసభకు జూన్ మొదటి వారం దాకానే ఆయుష్షు ఉంది, మరో రెండు వారాలకే, మార్చి 5న, ఎన్నికల షెడ్యూలు కూడా వచ్చేసింది. త్యాగం అంటే ఉన్నదాన్ని ఇవ్వడం. చేతిలో కొన్ని వారాలే మిగిలిన పదవిని వదలడానికి ఆ మాట వాడితే త్యాగమన్న మాటకే విలువ తగ్గుతుంది.

మనకు వేరే ఉదాహరణలు లేకపోలేదు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రతికూల వ్యాఖ్యలు చేసిందని నీలం సంజీవరెడ్డి గారు 1964లో ముఖ్యమంత్రి పదవి వదిలారు. దిగిపొమ్మని ఏ కోర్టూ ఆదేశించలేదు, సభలో బలమూ తగ్గలేదు. ఆ ఏడే ఆయన కేంద్రంలో మంత్రి అయ్యారన్నది వేరే సంగతి. 1956లో మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగినప్పుడు రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇచ్చారు, నెహ్రూ గారు ఆమోదించలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక మళ్ళీ ఇచ్చారు, అప్పుడు ఆమోదించారు. ఇక్కడ ఒక భాషా విషయం. ‘రాజీనామా చేశారు’ అనగానే పని ముగిసినట్లు వినిపిస్తుంది, కాని నామా అంటే కాగితం గనుక ఇచ్చేవారితోబాటు పుచ్చుకునేవారూ ఉండాలి. ‘రాజీనామా లేఖ’ అనడంలో లేఖ రెండుసార్లు వచ్చినట్లే, అయినా వాడుకలో కుదురుకున్న మాటను దిద్దనక్కరలేదు.

ఈ తేడా 2011 జులైలో అందరికీ తెలిసివచ్చింది. తెలంగాణ ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామాలు ఇస్తే, భావోద్వేగంలో ఇచ్చినవని స్పీకరు నాదెండ్ల మనోహర్ గారు వాటిని తిరస్కరించారు. రాజీనామా స్వచ్ఛందమైనదా, నిజమైనదా అని స్పీకరు చూసుకోవాలని 1974లో 33వ రాజ్యాంగ సవరణ చెప్పింది. ‘స్పీకర్ ఫార్మాట్‌లో ఇచ్చారా?’, అంటే నిర్ణీత నమూనాలో రాసి ఇచ్చారా, అన్న మాట ఇవాళ టీకొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది. నిజంగా వదిలారా, వదిలినట్లు కనిపించారా అన్న తేడాను ప్రజలు ఆ రెండు ఇంగ్లీషు ముక్కల్లో పట్టుకున్నారు.

మరొక సభ్యుని అభ్యంతరం

అయ్యా, మాది చిత్తూరు జిల్లా, ఇరవై ఏళ్ళుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాము. మీరు తేదీలు మాత్రమే చూశారు. అధిష్ఠానాన్ని ఎదిరించి, సభ చేత బిల్లును తిరస్కరింపజేసిన కాంగ్రెస్ ముఖ్యమంత్రి మరొకరు ఉన్నారా? పదవిలో ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. ముందే దిగిపోయి ఉంటే ఆ తీర్మానం కూడా ఉండేది కాదు.

సమాధానం

మీ మాటలో బలం ఉంది, దాన్ని తోసిపుచ్చను. విభజనను కోరుకున్నవారు, వద్దన్నవారు ఇద్దరూ నాకు ఆత్మీయులే. ఆయన అభిప్రాయాన్ని నేను తప్పు పట్టడం లేదు. ఆయన పాలనలో మంచి లేదనీ అనను. రూపాయికి కిలో బియ్యం 2011 నవంబరులో వచ్చింది, అదే ఏడు మీసేవ మొదలైంది, ఎస్సీ ఎస్టీ ఉప ప్రణాళికకు 2013లో దేశంలోనే తొలిసారిగా చట్టం చేశారు. ఆ చట్టం ఒక్కటే చాలు, ఆయన పేరు గౌరవంగా తలచుకోవడానికి. పరిశ్రమలకు వారంలో రోజుల తరబడి కరెంటు కోసిన 2012 కూడా ఆయన కాలానిదే.

నా అభ్యంతరం కుర్చీ గురించి. అది రెండు ప్రాంతాల కుర్చీ. 2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది ఆయన హయాంలోనే. ఆ జనానికీ ఆయనే ముఖ్యమంత్రి. సగం రాష్ట్రం ఆశను సభలో ఓడించడానికి కుర్చీ కావాలి అన్నప్పుడు, కుర్చీ దిగి జనంలోకి వెళ్ళి వాదించడమే న్యాయమైన దారి. అందుకు ఆయనకు 2013 ఆగస్టు నుంచి గడువు ఉంది. తరువాత పెట్టిన జై సమైక్యాంధ్ర పార్టీకి 2014 ఎన్నికల్లో ఒక్క స్థానమూ రాలేదు, ఆయన స్వయంగా పోటీ చేయలేదు. 2018లో, ఏ పార్టీ నిర్ణయాన్ని నిరసిస్తూ పదవి వదిలారో ఆ కాంగ్రెస్‌లోనే తిరిగి చేరారు. 2023లో మళ్ళీ రాజీనామా చేసి, లోక్‌సభలో విభజన బిల్లుకు మద్దతిచ్చిన భారతీయ జనతా పార్టీలోకి వెళ్ళారు. పార్టీ మారడం ఎవరి ఇష్టం వారిది. 2014 నాటి పనిని త్యాగమనడానికి ఆ తరువాతి తొమ్మిదేళ్ళు మాత్రం సాక్ష్యం చెప్పవు. నాంపల్లి పెద్దాయన అడిగిన ప్రశ్నను ఇప్పుడు నేను వేరే చెవితో వింటున్నాను.

ప్రశ్న వేసిన సభ్యురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ఫిబ్రవరి 19 నుంచి మార్చి 1న రాష్ట్రపతి పాలన వచ్చేదాకా ఏమని రాయాలి?

సమాధానం

‘ఆపద్ధర్మ ముఖ్యమంత్రి’ అని రాయండి. మహాభారతం శాంతిపర్వంలోని మాట. ఆపద వేళ మామూలు ధర్మం కుదరనప్పుడు నడుచుకోవలసిన తీరుకు ఆ పేరు. పట్టికలో మాత్రం ఒక్క మాటతో సరిపెట్టకండి, కొంచెం చోటు ఎక్కువైనా ‘రాజీనామా, 2014 ఫిబ్రవరి 19, లోక్‌సభ విభజన బిల్లును ఆమోదించిన మరునాడు’ అని రాయించండి. సంజీవరెడ్డి గారి పేరు దగ్గర కూడా అలాగే కారణం రాయించండి. మీ కమిటీ పెద్దాయన ఒప్పుకోకపోతే, నన్ను ఒకసారి గ్రంథాలయానికి పిలవండి, వచ్చి ఆయనతో కూర్చుని మాట్లాడతాను.