ప్రమోషన్ అడగడానికి ఇంగ్లీష్ కావాలా, పని చాలదా?

రణస్థలం కెమిస్ట్:
పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్ కెమిస్ట్‌గా ఆరేళ్ళ నుంచి పని చేస్తున్నాను. చదువంతా తెలుగు మీడియమే. పోయిన నెల షిఫ్ట్ ఇన్‌చార్జ్ పోస్టుకి ఇంటర్వ్యూ పెట్టారు. రియాక్టర్ గురించి, టెంపరేచర్ గురించి అడిగినంతసేపూ బాగానే చెప్పాను. చివర్లో పెద్దసారు "వై డు యు డిజర్వ్ దిస్ ప్రమోషన్?" అన్నారు. "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ సిక్స్ ఇయర్స్ సర్" అని ఆగిపోయాను. తరవాత నోరు పెగల్లేదు. పోస్టు నాకంటే రెండేళ్ళు వెనక చేరిన అబ్బాయికి వచ్చింది. మంచివాడే. కానీ బ్యాచ్‌లో తేడా వస్తే ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తాడు.

శ్రీకాకుళంలో మూడు నెలల బిజినెస్ ఇంగ్లీష్ కోచింగ్‌కి 12 వేలు అడుగుతున్నారు. కట్టాలా? అసలు ఒక మనిషి పనిని ఇలా ఇంగ్లీష్‌తో తూచడం సబబేనా? మీ అభిప్రాయాలు చెప్పండి.

నాగావళి ఒడ్డు:
సబబు కాదు తమ్ముడూ. ఆ పెద్దసారుకి తెలుగు రాదా? షిఫ్ట్ ఇన్‌చార్జ్ రోజంతా మాట్లాడేది ఆపరేటర్లతో, హెల్పర్లతో. రాత్రి రెండింటికి వాల్వ్ లీకైతే కేకేసేది తెలుగులోనే. జనం మాట్లాడే భాషలోనే చదువు ఉండాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన జిల్లావారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న భాషా దినోత్సవం చేసుకునే చోట, తెలుగులో ఆలోచించేవాడు వెనకబడిపోతే నాకు కడుపు మండుతుంది. 12 వేలు కట్టకు. నీ పని లెక్క తెలుగులో రాసి హెచ్‌ఆర్‌కి ఇయ్యి.

విజయనగరం క్యూఏ:
నేను పదకొండేళ్ళుగా ఇలాంటి కంపెనీలోనే క్వాలిటీలో ఉన్నాను. నాగావళి గారి బాధ నాకు తెలుసు, నేనూ తెలుగు మీడియమే. కానీ షిఫ్ట్ ఇన్‌చార్జ్ పని కేకలతో అయిపోదండి. బ్యాచ్ రికార్డు, అంటే ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసేది, ఇంగ్లీష్‌లో ఉంటుంది. తేడా వస్తే డీవియేషన్ రిపోర్టు ఇంగ్లీష్‌లో రాయాలి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం చేశాం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్ళు తనిఖీకి వస్తే నేరుగా షాప్‌ఫ్లోర్‌లో నిలబెట్టి అడుగుతారు. మన దగ్గర మాట ఒకటుంది, కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క. ఆ కాగితం రాయడం ఇన్‌చార్జ్ బాధ్యతే.

అలాగని కోచింగ్ కట్టమనను. అక్కడ చెప్పేది చాలావరకు షేక్‌హ్యాండు, సెల్ఫ్ ఇంట్రడక్షను. నీకు కావాల్సింది నీ పనిని చెప్పే పాతిక ముప్ఫై వాక్యాలు. నీ తప్పు ఎక్కడ పుట్టిందో చూడు తమ్ముడూ. మనం "ఆరేళ్ళ నుంచి" అంటాం, ఆ "నుంచి" వల్ల "సిన్స్" వచ్చేస్తుంది. ఇంగ్లీష్‌లో ఎంతకాలమో చెబితే "ఫర్", ఎప్పుడు మొదలైందో చెబితే "సిన్స్". "ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ సిక్స్ ఇయర్స్."

ఇంకోటి. మన మర్యాదంతా "అండి"లో, "కాస్త చూడండి సార్"లో ఉంటుంది. ఇంగ్లీష్‌లో "అండి" లేదు. అందుకే "ఐ వాంట్ ప్రమోషన్" అంటే మనసులో ఎంత అణకువ ఉన్నా గద్దించినట్టు వినిపిస్తుంది. "ఐ వుడ్ లైక్ టు" అంటే ఆ మర్యాద వస్తుంది. ఇంకా, "డిజర్వ్" అని అడిగితే సీనియారిటీ చెప్పకు. నువ్వు చేసింది చెప్పు. ఎన్ని నెలలు ఒంటరిగా షిఫ్ట్ నడిపావు, ఎంతమందికి పని నేర్పావు. ఇది తెలుగులో అడిగినా మనలో చాలామందిమి చెప్పలేం. సొంత గొప్ప చెప్పుకోకూడదని పెంచారు మనల్ని. సగం అడ్డం అదే, ఇంగ్లీష్ కాదు.

గిడుగు గారి మాటకొస్తే, ఆయన సవర గిరిజనుల మధ్యకి వెళ్ళి సవర భాష నేర్చుకున్నారు, సవర–ఇంగ్లీష్ నిఘంటువు కూడా చేశారు. పనికి కావాల్సిన భాషని ఆయన కాదనలేదు.

చీపురుపల్లి:
నేను అలాంటి కోచింగ్‌కి 8 వేలు కట్టాను. గ్రూప్ డిస్కషన్ అంటూ సినిమాల గురించి మాట్లాడించారు. ఆఫీసు మాట ఒక్కటీ లేదు.

నాగావళి ఒడ్డు:
క్యూఏ గారూ, రిపోర్టు మాట ఒప్పుకుంటాను. కానీ గిడుగు గారు సవర నేర్చుకున్నది సవర పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పించడానికి. అంటే పైన ఉన్నవాడే కిందివాడి భాషలోకి దిగాడు. ఇక్కడ ఎప్పుడూ కిందివాడే ఎక్కాలంటున్నారు. రిపోర్టు రాయించి చూడండి, తప్పులేదు. "నీకెందుకు ఇవ్వాలి" అన్న ప్రశ్న మాత్రం మనిషి గుండెలోంచి జవాబు రావాల్సింది, దాన్ని తెలుగులో అడిగితే ఎవరికి నష్టం?

విజయనగరం క్యూఏ:
ఆ ఒక్క ప్రశ్న విషయంలో మీరే కరెక్ట్. మా దగ్గర ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు నేను తెలుగులోనే అడుగుతాను. తమ్ముడి పెద్దసారు అడగడు కదా, అదీ నా దిగులు.

రణస్థలం కెమిస్ట్:
అందరికీ థ్యాంక్స్. కోచింగ్ మానుకున్నాను. మళ్ళీ ఏప్రిల్ అప్రైజల్‌కి ఇది రాసుకున్నాను, తప్పులుంటే చెప్పండి అక్కా. "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఇన్ ప్రొడక్షన్ ఫర్ సిక్స్ ఇయర్స్. లాస్ట్ ఇయర్ ఐ హాండిల్డ్ ద నైట్ షిఫ్ట్ ఎలోన్ ఫర్ ఫోర్ మంత్స్. ఐ ట్రెయిన్డ్ త్రీ న్యూ కెమిస్ట్స్. ఐ వుడ్ లైక్ టు బి ప్రమోటెడ్ యాజ్ షిఫ్ట్ ఇన్‌చార్జ్."

విజయనగరం క్యూఏ:
చాలా బాగుంది. చివర "ప్రమోటెడ్ యాజ్" కాదు, "ప్రమోటెడ్ టు". "ఇన్‌చార్జ్‌గా" అంటాం కదా, ఆ "గా" వచ్చి దూరింది. ఆ నాలుగు నెలల్లో ఎన్ని బ్యాచ్‌లు తీశావో అంకె కూడా పెట్టు.