థర్ల్‌మియర్ లోయలో జిప్ వైర్లు: ప్రతిపాదన ఆగిపోవడం మేలా, నష్టమా?

గట్టుదారి:
ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానంలో, థర్ల్‌మియర్ జలాశయం మీదుగా 8 జిప్ వైర్లు (మనుషులు వేలాడుతూ జారిపోయే తీగలు) కట్టి సాహస క్రీడల కేంద్రం నడుపుతామని 2017లో ఒక సంస్థ దరఖాస్తు చేసింది. ఆ ప్రాంతానికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది కూడా ఆ ఏడాదే. తక్కువ ఎత్తులో ఎగిరే సైనిక విమానాలకు ఆ తీగలు ప్రమాదకరమని రక్షణ శాఖ అభ్యంతరం చెప్పిన తరువాత దరఖాస్తును ఉపసంహరించుకున్నారు. నా దృష్టిలో ఇది నష్టమే. మాంచెస్టర్ నగరానికి మంచినీరు కావాలని ఆ లోయకు అడ్డంగా ఆనకట్ట కట్టారు; ఆర్మ్‌బోత్, విత్‌బర్న్ పల్లెల ఇళ్లు నీళ్లపాలయ్యాయి; 1894 నుంచి 150 కిలోమీటర్లకు పైగా దూరం, పంపులతో పని లేకుండా, వాలు మీదే నీరు పారుతోంది. అంత మార్పును భరించిన చోట కొన్ని తీగలు కనబడితే కొంప మునుగుతుందా?

వానకొండ:
గట్టుదారి గారూ, కొంప మునగడం అక్కడ ఒకసారి నిజంగానే జరిగింది కనుకనే రెండోసారి జాగ్రత్తపడాలంటున్నాను. జాతీయ ఉద్యానాలకు చట్టం రెండు లక్ష్యాలు పెట్టింది: ప్రకృతి సౌందర్యాన్నీ, వన్యజీవులనూ, సాంస్కృతిక వారసత్వాన్నీ కాపాడడం ఒకటి, ఆ చోటి ప్రత్యేకతలను జనం తెలుసుకొని ఆనందించే వీలు కల్పించడం రెండోది. రెండింటికీ పొసగనప్పుడు పరిరక్షణకే ఎక్కువ విలువ ఇవ్వాలని 1974లో శాండ్‌ఫర్డ్ కమిటీ సూచించిన మాట 1995 నాటి పర్యావరణ చట్టంలోకి ఎక్కింది. తీగకు వేలాడుతూ అరుచుకుంటూ జారిపోవడానికి ఎత్తూ పల్లమూ ఉంటే చాలు, థర్ల్‌మియరే అక్కర్లేదు. అదే లేక్ డిస్ట్రిక్ట్‌లోనే ఉన్న హానిస్టర్ పలకరాతి గనిని చూడండి: 2007లో మొదలైన అక్కడి వియా ఫెరాటాలో, అంటే కొండకు ఇనుప తాడు బిగించిన దారిలో, నడుముకు కట్టుకున్న పట్టీ కొక్కేన్ని ఇనుప తాడుకు తగిలిస్తూ, తీస్తూ, మళ్లీ తగిలిస్తూ, పూర్వం గని కార్మికులు నడిచిన దారినే ఎక్కుతారు. సాహసం ఆ కొండదే.

గట్టుదారి:
హానిస్టర్ ఉదాహరణ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అరుపులతో లోయ నిశ్శబ్దం చెడుతుందని తీగలను వద్దనడం నాకు రుచించదు. తూర్పు ఒడ్డు వెంబడి ఏ591 రహదారి మీద వాహనాల రొద ఎలాగూ ఉన్నదే.

పలకబడి:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. దరఖాస్తు వెనక్కి వెళ్లింది కనుక ఉద్యాన ప్రాధికార సంస్థ అవుననీ కాదనీ తేల్చనే లేదు. విమానాల దారికి అడ్డురాని తీగలతో రేపు మరొకరు వస్తే రక్షణ శాఖ పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు వానకొండ గారు ఎత్తిచూపిన చట్టం మీదే తేల్చుకోవలసి ఉంటుంది.