శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ అణు ప్లాంటు: ఏ పార్టీ ఎప్పుడు ఏమంది? మీకు గుర్తున్నది రాయండి

రణస్థలం కుర్రోడు:
మొన్న టీ కొట్టు దగ్గర ఇదే గొడవ. ‘మా పార్టీ మొదట్నుంచీ ఒకే మాట మీద ఉంది’ అని ఇద్దరు అరుచుకున్నారు. నిజంగా అలా ఉన్న పార్టీ ఏదైనా ఉందా?

పాత పేపర్లోడు:
లేదు తమ్ముడూ. 2008 జూలైలో అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు యూపీఏకి మద్దతు తీసేశాయి. విశ్వాస పరీక్షలో బీజేపీ, టీడీపీ రెండూ సర్కారుకి వ్యతిరేకమే. 2016లో చూస్తే కేంద్రంలో బీజేపీ, ఇక్కడ టీడీపీ. గుజరాత్‌లోని మీఠీ విర్ది రైతులు వద్దన్న అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటినీ మన కొవ్వాడకి కేటాయించారు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అది వేరే కథ.

చీపురుపల్లి మాస్టారు:
అణు ప్రమాదం జరిగితే ఇచ్చే నష్టపరిహారం చట్టం సంగతి ఇంకా తమాషా. 2010లో కాంగ్రెస్ ఆ బిల్లు తెచ్చినప్పుడు, రియాక్టర్ అమ్మినవాడి లోపం ఉంటే వాడి దగ్గరా వసూలు చేయాలని బీజేపీ పట్టుబట్టింది. అది చట్టంలోకి ఎక్కింది కూడా. 2025 డిసెంబరులో ఎన్డీయే తెచ్చిన ‘శాంతి’ (SHANTI) అనే కొత్త అణు చట్టంలో ఆ క్లాజు పోయింది, ప్రైవేటుకి తలుపు తెరుచుకుంది. ఈసారి వద్దన్నది కాంగ్రెస్! కుర్చీ ఎటు తిరిగితే మాట అటు.

ఎర్రజెండా:
మమ్మల్నీ అందులో కలిపేయకండి మాస్టారూ. కొవ్వాడలో మేం మొదట్నుంచీ వద్దనే అన్నాం.

చీపురుపల్లి మాస్టారు:
కొవ్వాడలో నిజమే బాబూ. తమిళనాడు కూడంకుళంలో రష్యా రియాక్టర్ల దగ్గర సీపీఎం అంత గట్టిగా లేదు. కేరళ సీపీఎం నేత అచ్యుతానందన్ గారు సొంత పార్టీకే ఎదురు మాట్లాడాల్సి వచ్చింది.

పైడిభీమవరం షిఫ్టు:
నేను మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాను. నాకైతే ప్లాంటు రావాలి. బొగ్గు పొగ కన్నా నయమే కదా. మా ఊరి కుర్రాళ్ళు చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ దాకా పోవడమైనా తప్పుతుంది.

సోంపేట బీల:
అన్నా, ఆ ఉద్యోగాల మాట మేమూ విన్నాం. థర్మల్ ప్లాంటు వద్దన్నందుకు 2010 జూలై 14న మా ఊళ్ళో కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఇప్పటికీ ఏ పార్టీ వాళ్ళు ప్లాంటు అన్నా మా అమ్మ తలుపేసుకుంటుంది.

కొవ్వాడ అల్లుడు:
మా మావయ్యది ప్లాంటు కోసం భూసేకరణలో ఉన్న ఊరు. ప్లాంటు కావాలా వద్దా అన్నది ఆయన ఎప్పుడో మానేశాడు. ఓట్లకి వచ్చిన ప్రతివాడినీ ‘ఎప్పుడు లేవమంటారో తేదీ చెప్పండి’ అని అడుగుతాడు. పోయే ఇల్లే కదా అని ఏళ్ళ తరబడి గోడలకి సున్నం వేయించలేదు. పెచ్చులూడి ఇటుకలు కనిపిస్తున్నాయి.

రణస్థలం కుర్రోడు:
ఇప్పటికీ అలాగే ఉందా బావా?

కొవ్వాడ అల్లుడు:
లేదు. మొన్న సంక్రాంతికి వేయించేశాడు. మరదలికి పెళ్ళిచూపులున్నాయి.