అప్‌డేట్: షిప్‌లో ఫోన్ పనిచేస్తుందా అని అడిగా కదా, వెళ్ళొచ్చేశాం

వైజాగ్ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై క్రూజ్‌లో అమ్మానాన్నలతో వెళ్తున్నా, సిగ్నల్ ఉంటుందా అని పోయిన నెల అడిగా కదా, గాజువాక తిరిగొచ్చాక ఇప్పుడు రాస్తున్నా.

డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్ కనిపించినంతసేపూ ఫోన్ మామూలుగానే పనిచేసింది, నాన్న అందరికీ వీడియో కాల్ చేసి సముద్రం చూపించేశారు, తర్వాత ఒక్కో గీత తగ్గుతూ మొత్తం పోయింది. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేయమని మీలో ఒకరు చెప్పారు చూడండి, అదే కాపాడింది. నడిసముద్రంలో షిప్ సొంత మొబైల్ నెట్‌వర్క్ వస్తుంది, అది శాటిలైట్ మీద నడుస్తుంది, మన మామూలు ప్యాక్ దానికి వర్తించదు, రోమింగ్ ఆన్‌లో ఉంటే బిల్లు వాచిపోతుంది. నాన్న ఫోన్‌లో ఆన్‌లోనే ఉంది! రేట్ల మెసేజ్ చూసి పరిగెత్తుకెళ్ళి ఆపా.

షిప్ వైఫై డబ్బులు కట్టి తీసుకున్నా, అదీ శాటిలైట్ మీదే. వాట్సాప్ మెసేజ్‌లు వెళ్ళాయి, కాల్ మాత్రం మనం మాట్లాడి ఆగితే కాసేపటికి అవతల వినపడేది. పాతరకం శాటిలైట్లు దాదాపు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటాయట, సిగ్నల్ అక్కడిదాకా వెళ్ళి రావాలి మరి.

నేను అస్సలు ఆలోచించనిది ఓటీపీ. సిమ్‌కి సిగ్నల్ లేదు, ఎస్సెమ్మెస్ రాదు, కరెంటు బిల్లు కట్టలేకపోయా. అలాంటివి ఎక్కేముందే కట్టేయండి. పుదుచ్చేరి దగ్గరపడగానే మెసేజ్‌లన్నీ ఒక్కసారి టింగు టింగుమని పడ్డాయి, అందులో ఆ ఓటీపీ కూడా ఉంది, ఏం లాభం.